వరూధిని దాచిన చీరలు

1997లో దసరా వెళ్ళిన వారానికి మా తమ్ముడు మారప్ప కూతురు వరూధిని ఒక పట్టుచీరను కంప్యూటరులో దాచి, ఆ కంప్యూటరును పూర్తిగా ఆపి, మళ్ళీ వేసి, ఆ చీరను ప్రాణంతో బయటికి తీసింది. ఆ పిల్ల గెలిచిన మొదటి గెలుపు అది. ఊరికే వచ్చింది కాదు. అంతకు ముందు ఏడాది పొడుగునా ఓడింది.

ప్రాణంతో అన్నానని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. చీర బొమ్మను దాచడమైతే ఎవరైనా చేస్తారు, ఫోటోను పెట్టెలో పెట్టినట్టే. వరూధిని రాసిన ప్రోగ్రాములో ఉన్నది బొమ్మ కాదు. అందులో అంచుకు తాను అంచునని తెలుసు. తనలో ఎన్ని పోగులున్నాయో తెలుసు. తన మీద కూర్చున్న మామిడి పింజె ఏదో తెలుసు. కొంగులో ఉన్నదీ ఆ పింజే. ఒక చోట పింజె తోక వంచితే రెండు చోట్లా వంగుతుంది. మగ్గం ఎరిగినవాడికి దీని విలువ నేను చెప్పనక్కరలేదు. కానీ ఈ తెలివంతా కంప్యూటరు వెలుగుతున్నంత సేపే. కరెంటు పోతే అంచూ లేదు, కొంగూ లేదు. ఆ రోజుల్లో మా ఊరు ఆనేకల్లో కరెంటును నమ్ముకుని అన్నం వండినవాడు కూడా లేడు.

మొదట్లో ఆ పిల్ల చీరను ముక్కలు చేసి ఫైలులో రాసేది. అంచు వేరే, కొంగు వేరే. తిరిగి తెచ్చుకున్నప్పుడు చూస్తే పింజెలు రెండయి కూర్చునేవి. అంచులోది వంచితే కొంగులోది వంగదు. అది చూడటానికి మా మగ్గాల వీధి పెద్దమనిషి మునినారాయణప్ప వచ్చాడు. నాలుగు మగ్గాల ఆసామి, నోటికి అడ్డు లేనివాడు.

"దాచేటప్పుడు ఒకటి, తీసేటప్పుడు రెండా? ఇట్లాంటి డబ్బుపెట్టె ఒకటి ఉంటే నాకు చేసియ్యమ్మా" అన్నాడు.

"నవ్వు మామా. నవ్వే నోటితోనే అడుగుతావు చూడు" అంది వరూధిని. అంతే, మళ్ళీ తెర వైపు తిరిగింది.

ఆ ఏడాదే జావా అనే భాష కొత్త కూర్పులో ఒక పద్ధతి వచ్చింది. ఒక వస్తువును దాని చుట్టరికాలతో సహా ఫైలులోకి దించి, కావలసినప్పుడు ఆ చుట్టరికాలతోనే మళ్ళీ లేపడం. సీరియలైజేషన్ అంటారు. పట్నంలో, మడివాళలో హాస్టలు గదిలో ఉంటూ కోర్సు చేస్తున్న వరూధిని దాన్ని నేర్చుకుని, ఆదివారాలు బస్సెక్కి వచ్చి మా వీధి కంప్యూటరులో ప్రయత్నించేది. చీరను ముక్కలు చెయ్యకుండా మొత్తంగా అప్పగించింది. తీసినప్పుడు పింజె ఒకటిగానే వచ్చింది. ఒక చోట వంచింది, రెండు చోట్లా వంగింది. మునినారాయణప్ప ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మా వీధిలో ఒక బిరుదు.

నేను పల్లె బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. ఈ వీధికి కరెంటు స్తంభాలు వేయించింది నేను. మొదటి జకార్డు మగ్గం ఆడింది నా ఇంట్లో. నేతగాళ్ళ సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి, రెండుసార్లూ పోటీ లేకుండా. వీధి ఇళ్ళన్నిటినీ ఒప్పించి, ఉమ్మడిగా ఒక కంప్యూటరూ, డిజైను అట్టలకు రంధ్రాలు కొట్టే యంత్రమూ కొనిపించింది కూడా నేనే. ఇవి చెప్పుకోవడానికి నాకు మొగమాటం లేదు. కానీ వీటన్నిటినీ ఒక తట్టలో, ఆ పిల్ల చేసిందాన్ని ఇంకో తట్టలో పెడితే ఏ తట్ట దిగుతుందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. "ఆదినారాయణప్ప తమ్ముడి కూతురు ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంది" అని నా పేరు పెట్టి పెళ్ళి ఛత్రాల్లో, బస్సుల్లో చెప్పుకునేవాళ్ళు ఇది కూడా చదవాలి.

జకార్డు మగ్గానికి రంధ్రాల అట్టలే బుర్ర, ఏ పోగు లేవాలో చెప్పేది అవే. ఒక చీర డిజైనుకు గోతంలో పట్టనన్ని అట్టలు. ప్రతి ఇంట్లో అటక మీద తాతల నాటి అట్టల మూటలు. ఎలుకలు కొడతాయి, చెదలు పడతాయి. వరూధిని ఒక్కొక్క ఇంటి అట్టలూ చూసి, ప్రతి డిజైనునూ ప్రోగ్రాములోకి ఎక్కించి ఫ్లాపీల్లో దాచి ఇచ్చింది. కావలసిననాడు ఫ్లాపీ పెట్టి తెరిస్తే, యంత్రం కొత్త అట్టలు కొట్టి ఇస్తుంది.

"ఎప్పుడు పెట్టినా తెరుచుకుంటాదా?" అని మునినారాయణప్ప అడిగాడు.

"తెరుచుకుంటాది మామా."

"పదేళ్ళకి?"

"పదేళ్ళకి కూడా. నా మాట. అట్టలు పొయ్యిలో పెట్టుకోండి."

ఆ మాట మీద వీధంతా అటకలు దులిపింది. ఆ చలికాలం మా ఇళ్ళలో నీళ్ళపొయ్యి కింద మండినవన్నీ డిజైను అట్టలే. చీర చూసి మళ్ళీ గీసుకోవచ్చు కదా అని పట్నంవాళ్ళు అడుగుతారు. నేసినవాడి ఇంట్లో చీర మిగలదు నాయనా. అమ్ముకోవడానికే నేస్తాడు. కాబట్టి అట్టలు పోయాక మా వీధి డిజైన్లన్నీ ఆ ఫ్లాపీల్లోనే ఉన్నాయి, ఆ పిల్ల మాటలోనే ఉన్నాయి.

ఒక ముచ్చట చెప్పాలి. మరుసటి ఏడు ఆయుధపూజకు మగ్గానికి, నాడెకు, కత్తెరకు బొట్టు పెట్టినట్టే ఫ్లాపీలకూ పెట్టారు. అక్కయమ్మ అని, ఎదురింటి ఆవిడ, పడుగులు అతకడంలో మా వీధిలో ఆమెకు సాటి లేదు, భక్తిలోనూ లేదు. పైన బొట్టు పెడితే లోపలున్న చీరకు అందదని, ఫ్లాపీకి ఉన్న ఇనుప రెక్క జరిపి, లోపలి నల్ల బిళ్ళ మీదే తడి కుంకుమ అద్దింది. ఆ డిస్కు మళ్ళీ చదవలేదు. అదృష్టం, అప్పటికింకా కంప్యూటరులో దాని నకలు ఉంది.

"ఏం చేసినావత్తా?" అని వరూధిని తల పట్టుకుంది.

"లోపల ఉండేది లక్ష్మే కదమ్మా. లక్ష్మికి బొట్టు లేకుండా ఎట్ల?"

అప్పటి నుంచి ప్రతి ఇంటికీ రెండేసి డిస్కులు. ఒకటి పూజకు, ఒకటి పనికి. పూజ డిస్కులో ఏమీ ఉండదని అక్కయమ్మకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆమె చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కోర్సు ముగిశాక మడివాళ అవతల ఉన్న ఒక చిన్న కంపెనీవాళ్ళు వరూధినికి ఉద్యోగం ఇచ్చారు. ఆమె ప్రోగ్రామును పెద్దది చేసి ఊరూరా నేతగాళ్ళకు అమ్మారు. ధర్మవరం, దొడ్డబళ్ళాపురం, కాశీ దాకా పోయింది. అందరికీ అదే మాట చెప్పి అమ్మారు: అట్టలు పారేయండి, డిస్కు దాచుకోండి.

2001లో కొత్త కూర్పు తయారైంది. పాతదాంట్లో పోగుకు రంగు లేదు. కొత్తదాంట్లో ప్రతి పోగుకూ రంగు ఒక గడిగా చేర్చారు. అందరూ మెచ్చుకున్నారు. విడుదలకు ముందు వరూధిని మా వీధి పాత ఫ్లాపీ ఒకటి పెట్టి చూసింది. తెరుచుకోలేదు. ఇంకొకటి, అదీ లేదు. అన్నిటికీ ఒకటే జవాబు: ఇది నా మనిషి కాదు.

సంగతి ఏమిటంటే, వస్తువును దాచేటప్పుడు జావా దాని ఆకారాన్ని బట్టి ఒక గుర్తింపు నంబరు లెక్కకట్టి ఫైలులో రాస్తుంది. తీసేటప్పుడు ఆ నంబరు సరిపోవాలి. రంగు గడి చేర్చేసరికి ఆకారం మారింది, నంబరు మారింది. ఇలా జరగకూడదంటే, ప్రోగ్రాము రాసిన మనిషే మొదట్లో ఒక నంబరును తన చేత్తో రాసి పెట్టాలి. అప్పుడు ఆకారం పెరిగినా నంబరు నిలుస్తుంది. 1997లో వరూధిని అది రాయలేదు. రాయాలని ఆమెకు చెప్పినవాడు లేడు.

పని చూసే మేనేజరు రాజేశ్, హైదరాబాదు నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని నేను అనను, తేదీలకు భయపడేవాడు. వాళ్ళ మధ్య నడిచిన మాటలు వరూధిని చెప్పగా విన్నవే. ఆ పిల్ల మాటకు మాట చెబుతుంది, తనది కలపదు.

"ఎర్రర్ చూశాను వరూధిని గారూ. ఓల్డ్ ఫైల్సే కదా. కొత్త డిజైన్లు కొత్త వెర్షన్‌లో గీసుకుంటారు. పాతవి కావాలన్నవాళ్ళకి మన సర్వీస్ టీమ్ మళ్ళీ గీసి ఇస్తుంది, చార్జ్ చేద్దాం."

"దేన్ని చూసి గీస్తారు సార్? అట్టలు లేవు. కాల్చేసినారు."

"కాల్చమని మనం రాతపూర్వకంగా చెప్పలేదుగా."

"నేను నోటితో చెప్పినా."

"ప్రాక్టికల్‌గా ఆలోచించండి. రిలీజ్ డేట్ ఫిక్స్ అయిపోయింది. మీ ఆనేకల్లోనే ఫంక్షన్, హాల్ కూడా బుక్ చేశాం."

"అయితే డబ్బా మీద రాయండి సార్, పాత డిజైన్లు దీంట్లో తెరుచుకోవు అని."

"అలా రాస్తే ఎవరు కొంటారండీ?"

"అందుకే రాయమంటా ఉండా."

రాయలేదు. ఆనేకల్ ఛత్రంలో పందిరి వేశారు, భోజనాలు పెట్టారు, గోడ మీద పెద్ద తెర కట్టారు. నేను ముందు వరుసలో కూర్చున్నాను. వరూధిని కంప్యూటరు దగ్గర, రాజేశ్ మైకు దగ్గర. రంగులు చూసి జనం మురిసిపోయారు. వక్క రంగు అంచుకు నెమలికంఠం కొంగు పెట్టి చూపిస్తే చప్పట్లు కొట్టారు. అప్పుడు మునినారాయణప్ప లేచి జేబులోంచి ఫ్లాపీ తీశాడు.

"మా గండభేరుండం అంచు ఉండాది దీంట్లో. దీనికి రంగు వేసి చూపించండి సార్."

"తప్పకుండా, ఫంక్షన్ అయ్యాక పర్సనల్‌గా చూద్దామండీ" అన్నాడు రాజేశ్.

వరూధిని చెయ్యి చాచింది. "ఇయ్యి మామా."

రాజేశ్ ఆమె వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఫ్లాపీ పెట్టింది, తెరవమంది. గోడంత తెర మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. గండభేరుండం రాలేదు.

వెనక వరుసలవాళ్ళు లేచి నిలబడి చూశారు.

"ఏమంటాదమ్మా అది?" అన్నాడు మునినారాయణప్ప.

"నీ అంచును ఎరగను అంటా ఉండాది మామా. మీ ఎవరి పాత డిజైనూ దీంట్లో తెరుచుకోదు. ఇంటికి పోయి దీన్ని ఎక్కించుకోవద్దండి. పాత ప్రోగ్రాము తీసేయొద్దండి."

"అట్టలు కాల్చమన్నది నువ్వే కదమ్మా." ఆయన గొంతులో ఎగతాళి లేదు. అది నాకు ఎక్కువ నొప్పి అనిపించింది.

"నేనే. తప్పు కూడా నాదే. మీకు అర్థమయ్యేటట్ల చెప్తా. ఒక పడుగు అయిపోయినప్పుడు మనం ఏం చేస్తాం? పాత పడుగు కొసలు మగ్గం అచ్చు పళ్ళలోంచి ఊడబీకుతామా?"

"ఎవురు పీకుతారు, పిచ్చి పట్టినోళ్ళా?" అక్కయమ్మ ఆడవాళ్ళ వరుసలోంచి అంది. "పాత కొస ఉంచి, దానికి కొత్త పోగు అతకాల. అప్పుడు లాగితే అదే దోవన కొత్తది వస్తాది."

"కొత్త పడుగులో నాలుగు పోగులు ఎక్కువుంటే?"

"ఎక్కువున్నవి కొత్తగా ఎక్కించుకోవల్ల. దానికని ఉన్నవన్నీ తెంపుతామా?"

"ఈడ తెంపినాం అత్తా. నంబరు అనేది పాత కొస. నేను అప్పుడే దాన్ని రాసి ఉంచల్సింది, ఉంచలేదు. ఇప్పుడు తెలిసినాక కూడా అతకకుండా అమ్మతా ఉండాం. అతికినాక వస్తా. అంతదాకా ఇది వద్దు."

రాజేశ్ మైకు ఆపేశాడు. భోజనాలు మాత్రం అందరూ చేశారు. మునినారాయణప్ప రెండోసారి ఒబ్బట్టు కూడా అడిగాడు. అన్నం మీద కోపం ఆయన వంశంలో లేదు. చేతులు కడుక్కునే చోట రాజేశ్ వరూధినితో, సోమవారం నుంచి ఆఫీసుకు రానక్కరలేదన్నాడు.

"శనివారం నుంచే రాను సార్. సోమవారం దాకా ఎందుకు?" అంది.

మారప్ప ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు. మంచి ఉద్యోగం, నలుగురిలో నోరు పారేసుకుంది అని వాడి బాధ. నేను వాడితో చెప్పాను: "నోరు పారేసుకోలేదురా, నోటిని నిలబెట్టుకుంది." వాడు నమ్మలేదు. వీధిలో కూడా అందరూ ఆమె పక్షం కాదు. అట్టలు కాల్చింది ఈమె మాట వినే కదా అని మొగం మీదే అన్నవాళ్ళున్నారు. పెళ్ళి చీరల ఆర్డర్లు పట్టుకుని పాత డిజైన్ల మీదే బతికే ఇళ్ళు ఉన్నాయి. పాత ప్రోగ్రాము నడిచినంత కాలం ఫరవాలేదు, కానీ వీధి కంప్యూటరు అప్పటికే ముసలిది. అది చచ్చిన రోజున కొత్త కంప్యూటరు, కొత్త కూర్పే గతి. ఆ లోపల అతకాలి.

వరూధిని ఆ ముసలి కంప్యూటరు ముందు కూర్చుంది. తాను 1997లో రాసిన మొదటి ప్రోగ్రాము ఆమె దగ్గరే ఉంది, అది కంపెనీది కాదు. దానికే ఒక రంగు గడి చేర్చి, కావాలని నంబరు చెడగొట్టి, అదే రోగం తెప్పించింది. తరువాత ఆ ఎర్ర అక్షరాలను తీరిగ్గా చదివింది. తెరుచుకోనని చెప్పే ఆ వాక్యంలోనే, ఫైలులో ఉన్న నంబరు ఇది, నా దగ్గరున్న నంబరు ఇది అని రెండూ రాసి ఉన్నాయట. ఛత్రంలో గోడంత తెర మీద అందరం చూసింది అదే. పాత కొస కళ్ళ ముందే వేలాడుతోంది. ఆ నంబరును తీసుకుని కొత్త ప్రోగ్రాములో తన చేత్తో రాసింది. పాత ఫైలులో లేని రంగు గడి ఖాళీగా లేస్తుంది కాబట్టి, ఖాళీ ఉంటే ఏం చెయ్యాలో కూడా రాసింది.

నంబరు ఒకటైతే ఒక పూటలో అయ్యేది. అంచుకొక నంబరు, కొంగుకొకటి, పింజెకొకటి, పోగుకొకటి. ఒకటి సరిచేస్తే దాని వెనక ఇంకొకటి నేను ఎరగను అనేది. అక్కయమ్మ వచ్చి పక్కన కూర్చునేది. "ఇంకా ఎన్ని పోగులుండాయమ్మా?" అని అడిగేది, ఏదో ఆమె పని మధ్యలో ఉన్నట్టు. "ఉండాయత్తా, అయిపోతాయి" అనేది ఈ పిల్ల. అయిపోయాయి.

మునినారాయణప్పను పిలిచారు. గండభేరుండం లేచింది. రెండు తలలూ, రెక్కలూ, కాళ్ళలో ఏనుగులూ, అన్నీ ఉన్నాయి. కానీ మొత్తం బూడిద రంగులో ఉంది.

"విభూతి పూసుకుని వచ్చినాడే" అన్నాడాయన. "రంగు ఏమైందమ్మా?"

"పాతదాంట్లో రంగు లేదు కదా మామా. లేనిదాన్ని నేను ఊహించి పెట్టను. నువ్వు చెప్తే పెడతా."

ఆయన తెర దగ్గరికి జరిగి వేలితో అంచు చూపించాడు. "మా అమ్మ నేసినప్పుడు అరటిపువ్వు రంగు మీద బంగారు జరీ. అదే పెట్టు" అన్నాడు. పెట్టింది. ఆయన పై పంచెతో మొగం తుడుచుకుని, గదిలో ఉక్కగా ఉండాది అన్నాడు.

ఈలోగా కంపెనీ కొత్త డబ్బాలు వెనక్కి రావడం మొదలైంది. ధర్మవరం నుంచి, దొడ్డబళ్ళాపురం నుంచి. ఆనేకల్లో జరిగింది నేతగాళ్ళ నోట అన్ని ఊళ్ళకూ పాకింది. మా వాళ్ళ నోరు టెలిఫోను కంటే ముందుంటుంది. ఒక మధ్యాహ్నం రాజేశ్ మా వీధికి వచ్చాడు. మునినారాయణప్పే కుర్చీ వేసి, కాఫీ ఇప్పించాడు.

"తాగప్పా. రుసి ఉండాదా? పాత కాఫీ, కానీ తెరుచుకుంటాది."

రాజేశ్ నవ్వాడు. నవ్వగలిగాడు కాబట్టే నాకు అతని మీద కోపం సగం పోయింది. వరూధినితో, "మళ్ళీ జాయిన్ అవ్వండి. ఆ ఫిక్స్ మీరే పెట్టండి" అన్నాడు.

"ఫిక్స్ పెడతా సార్. జాయిన్ కాను."

"మరి?"

"డబ్బా మీద ఒక మాట అచ్చు వేయించండి. ఈ కూర్పే కాదు, ఇక వచ్చే ప్రతి కూర్పూ పాత డిజైన్లను తెరుస్తుంది అని. అది చూసినాక నేను చేసింది మీ చేతికి ఇస్తా. ఊళ్ళకు పోయి అతికి వచ్చే పని కూడా చేస్తా, మీ మనిషిగా కాదు, నా మనిషిగా."

"ప్రతి వెర్షనా? అది చాలా పెద్ద ప్రామిస్ అండీ."

"నేను చిన్నప్పుడే ఇచ్చినా సార్ దాన్ని. మీరు ఇప్పుడు పెద్ద కంపెనీ."

అచ్చు వేయించారు. ఆ డబ్బా ఒకటి మా ఇంట్లో ఉంది, అనుమానమున్నవాళ్ళు వచ్చి చదువుకోవచ్చు.

ఆ తరువాత ధర్మవరం పోయింది, దొడ్డబళ్ళాపురం పోయింది. అన్నీ గెలిచిందని అబద్ధం చెప్పను. కొన్ని డిస్కులు బూజు పట్టి చదవలేదు, వాటికి ఏ నంబరూ పనికిరాలేదు. ఆ ఇళ్ళలో ఆమె కూర్చుని, ముసలివాళ్ళు నోటితో చెబుతుంటే పోగు పోగునా మళ్ళీ గీసి ఇచ్చింది. దానికి రూపాయి తీసుకోలేదు. ఉద్యోగం పోగొట్టుకున్న పిల్ల చేసే పని ఇది.

ఇప్పుడు కాశీలో ఉంది. అక్కడి నేతగాళ్ళు పాత ప్రోగ్రామును వేరే ఎవరి చేతనో మార్పించుకున్నారు, వాళ్ళ నంబర్లు వేరు, మనకు తెలిసినవి అక్కడ పని చెయ్యవు. వాళ్ళ తాతల నాటి అట్టలు కూడా కాలిపోయాయి. ఎవరి మాట మీద కాల్చారని ఆమె అడగలేదు, బయలుదేరింది. ఒంటరిగా అంత దూరమా అని మారప్ప అన్నాడు. కాశీకి పోయినవాళ్ళు ఏదో ఒకటి అక్కడ వదిలి వస్తారు, కాయో పండో. నేను పోయినప్పుడు కాకరకాయ వదిలాను, అదేమీ పెద్ద త్యాగం కాదు. మా పిల్ల మాత్రం వదిలి రావడానికి పోలేదు.

మొన్న ఫోను చేసింది. మూడు ఇళ్ళవి తెరుచుకున్నాయి, ఇంకా ఉన్నాయి, పూర్తి చేసుకునే రైలెక్కుతానని చెప్పింది. అది అయ్యేదాకా రమ్మని పిలవద్దని వాళ్ళ నాయనకు గట్టిగా చెప్పమంది, చెప్పాను. ఆమె వేసుకున్న లెక్క ప్రకారం పని ముగించుకుని ఆనేకల్ చేరేది 2002 ఆగస్టు 12, సోమవారం.